పక్కముడుల రైకలు కుట్టిన మా కాక

మా కాక చనిపోయాడు. ఇంకా నెల కూడా తిరగలేదు. ఈ మాట చెప్పినప్పుడల్లా వినేవాళ్లు నన్ను సరిదిద్దుతున్నారు. "కాక గాదు గద, మీ చిన్నమ్మ గద," అంటున్నారు. వాళ్ల తప్పేమీ లేదు. కొంతకాలంగా మా ఇంట్లో రోగం చిన్నమ్మది. మందులు ఆమెవి. కరీంనగర్ దవాఖాన చుట్టూ తిరిగింది ఆమె కోసం. వేళ కాని వేళ ఫోను మోగితే మేం ఉలిక్కిపడింది కూడా ఆమె గురించే. మా కాక మాకు రోగి పక్కన నిలబడే మనిషి. ఆ నిలబడే మనిషే ముందు పడిపోతాడని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ రోజు నేను బడిలో ఉన్నాను. సుల్తానాబాద్ పక్కన ఒక ఊళ్లో లెక్కల టీచర్ని. పిల్లలు మధ్యాహ్న భోజనం చేసి నల్లా దగ్గర పళ్లాలు కడుగుతున్నారు. తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"మేడం, నేను ఆదిలాబాద్ నుంచి మాట్లాడుతున్న. మీ కాక మా ఇంటికి వచ్చిండు."

"చేరిండా? రైకలు ఇచ్చిండా?" నవ్వుతూనే అడిగాను. దవాఖానలో పరిచయమైన ఒకామె కోసం తను కుట్టిన రైకలు ఇచ్చి రావడానికే మా కాక తెల్లవారుజామున బస్సెక్కి ఆదిలాబాద్ వెళ్లాడు.

"ఇచ్చిండు మేడం. ఛాయ్ తాగిండు. ముడి ఎట్ల ఎయ్యాల్నో మా ఇంటామెకు సూపిస్తుండె. సూపిస్త సూపిస్తనే గోడకు ఒరిగిండు. ఆటోల ఏసుకొని దవాఖానకు ఉరికినం... దాదా లేడు మేడం."

ఆదిలాబాద్ వైపు అన్నను దాదా అంటారు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా "ఏ దాదా?" అని అడిగాను.

"మీ కాకనే మేడం."

"లేదు లేదు, మా చిన్నమ్మ ఇంట్లనే ఉంది," అన్నాను. ఆ జవాబుకు అర్థం ఏమిటో నాకే తెలియదు. పాపం, ఆయన "చిన్నమ్మ గాదు మేడం," అని మెల్లగా మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. పిల్లలు పళ్లాలు కడుగుతూనే ఉన్నారు. ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి "టీచర్, గంట కొట్టాల్నా?" అని అడిగింది. కొట్టమన్నానో వద్దన్నానో గుర్తు లేదు.

మా సార్ ఒకాయన తన బండి మీద నన్ను ఇంటి దగ్గర దింపాడు. మా ఇల్లూ, కాక ఇల్లూ ఒకే వాడలో ఉంటాయి. దారిలోనే బాపుకు, అంటే మా నాన్నకు, ఫోను చేసి చెప్పాను. బాపు, కాక ఇద్దరే అన్నదమ్ములు. నేను వెళ్లేసరికి బాపు లోపలికి పోలేక కాక వాళ్ల గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూశాకే అడుగు కదిపాడు.

చిన్నమ్మ వరండాలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"గిప్పుడొచ్చినవేంది బిడ్డా, బడి లేదా?" అంది నాతో. బాపును చూసి కొంగు సర్దుకుంది. "కూసోండ్రి బావా."

బాపు కూర్చోలేదు. మెడలో తువ్వాల తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని, ఉన్న మాట ఉన్నట్టు చెప్పేశాడు.

చిన్నమ్మ బాపును చూసింది. నన్ను చూసింది. ఆమె చేతిలో చిక్కుడుకాయ సగం విరిచి ఉంది. "గాయినకేం రోగమున్నది బావా? రోగం నాకు గద," అంది. బాపు ఏదో పొరపాటు పడ్డాడని ఆమె నిజంగానే అనుకుంది. మిగతా సగం కూడా విరిచి గిన్నెలో వేసింది.

అంతలోనే మాట వాడంతా పాకింది. పాకింది గానీ వంకరగా పాకింది. ఎదురింటి పెద్దమ్మ "పోయినవా నా తల్లీ, గంత గోస పడి పోయినవా" అని రొమ్ము బాదుకుంటూ గేట్లోకి వచ్చింది. వచ్చి, మంచం మీద కూర్చున్న చిన్నమ్మను చూసి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"నేను గాదక్కా," అంది చిన్నమ్మ. "ఆయిన."

ఆ తర్వాత వచ్చిన చాలామందికి అదే అయింది. అందరూ ఆమె కోసం ఏడుస్తూ వచ్చారు, ఆమెనే చూసి ఆగిపోయారు. ఎవరికి వాళ్లకు ఆమే చెప్పాల్సి వచ్చింది. చెప్పింది. కానీ ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. వచ్చినవాళ్లు గుసగుసలాడుకున్నారు. మనిషికి మతి పోయిందన్నారు ఒకరిద్దరు.

మా కాక దర్జీ. పెళ్లయిన కొత్తలోనే మస్కట్ వెళ్లి అక్కడ ఒక దుకాణంలో మిషన్ మీద కూర్చున్నాడు. రెండేళ్లకోసారి వచ్చేవాడు, వచ్చిన అలసట తీరకముందే మళ్లీ వెళ్లిపోయేవాడు. వాళ్లకు పిల్లల్లేరు. సెలవులో వచ్చినప్పుడు ఆయన చేసే మొదటి పని నాకు గౌను కొలతలు తీసుకోవడం. "పోయినసారి కన్న నాలుగు వేళ్లు పెరిగినవు," అని టేపు చూసి చెప్పి, ఆ మాట ఇల్లంతా తిరిగి అందరికీ చెప్పేవాడు. నేను పెరగడం ఆయన కళ్లముందు జరగలేదు. అందుకే కాబోలు, టేపు మీద చూసి అంత మురిసిపోయేవాడు.

మనిషిని చూస్తే ముందు భుజాలు చూసేవాడు, తర్వాతే ముఖం. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో "నీ ఎడమ భుజం జర కిందికి దిగింది బిడ్డా, సంచి అటే మోస్తున్నవా?" అని అడిగాడు. నిజమే, అటే మోస్తున్నాను. కొలత టేపు మెడలో ఉన్న సంగతి ఆయనకు ఎప్పుడూ గుర్తుండేది కాదు. వేములవాడ రాజన్న దర్శనానికి వెళ్లి, వరుసలో అంతసేపు నిలబడి, లోపల పూజారి "ఇదేంది, కండువానా?" అని అడిగితే గానీ తడుముకుని చూసుకోలేదు. ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా చిన్నమ్మ నవ్వు ఆపలేదు.

ఆయన మస్కట్‌లో ఉన్నప్పుడే చిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలి ఆపరేషన్ చేశారు. ఆమె వెంట నన్ను కన్న అవ్వ, నేను ఉన్నాం. కాకకు సెలవు దొరకలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడు చిన్నమ్మ ఆపరేషన్ చోటు ఆయనకు చూపించలేదు. ఆయన ఇంట్లో ఉంటే వెలుతురులో బట్టలు మార్చుకునేది కాదు. "ఇన్నేండ్లు దూరం ఉన్న మనిషి, గిది సూసి ఏమనుకుంటడో," అని ఒకసారి నాతో అంది.

కాక మస్కట్ విడిచి పూర్తిగా ఇంటికి వచ్చేసి, సుల్తానాబాద్ బస్టాండ్ దగ్గర చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఇక ఇద్దరూ ఒక దగ్గర ఉంటారనుకున్నాం. ఉన్నారు. కానీ కొన్నాళ్లకే చిన్నమ్మకు పొడి దగ్గు మొదలైంది. తర్వాత ఆయాసం. గిన్నెలు తోముతూ మధ్యలో ఆగి గోడకు చెయ్యి ఆనించేది. పడుకుంటే ఊపిరాడక మంచం మీద కూర్చునే నిద్రపోయేది. దుమ్ము పడడం లేదేమో అనుకున్నాం.

కరీంనగర్‌లో డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. కుడివైపు ఊపిరితిత్తి నల్లగా కనిపించాల్సిన చోటంతా తెల్లగా ఉంది. అదంతా నీరు అన్నాడు. వీపు వైపు నుంచి సూది పెట్టి తీశారు. పల్చటి డికాషన్ రంగులో సీసా నిండా వచ్చింది. కొన్ని రోజులకు ఆ నీటి పరీక్షలోనే క్యాన్సర్ మళ్లీ బయటపడింది. కానీ నీరు తీసిన ఆ గంటలో చిన్నమ్మకు ప్రాణం లేచొచ్చింది. బయటికి రాగానే "ఇడ్లీ తిందాం," అంది. చాలా రోజుల తర్వాత ప్లేటు ఖాళీ చేసింది. కాక ఆమె తినడం చూస్తూ తన ఛాయ్ చల్లార్చుకున్నాడు.

కొన్ని వారాలకే ఆయాసం తిరిగి వచ్చింది. మళ్లీ సూది. మళ్లీ ఇడ్లీ. మళ్లీ నీరు. ప్రతిసారీ మేం ఇదే ఆఖరు అనుకునేవాళ్లం. అలా మళ్లీ దవాఖానకు వెళ్లిన ఒక రోజు కాక డాక్టరు బల్ల మీద రెండు చేతులూ పెట్టి, "తీసిన నీళ్లు మళ్లెట్ల ఊరుతున్నయి సారూ? ఏడికెళ్లి వస్తున్నయి?" అని అడిగాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

డాక్టరు విసుక్కోలేదు. కాగితం మీద బొమ్మ గీశాడు. "ఊపిరితిత్తి మీద ఒక పల్చటి పొర ఉంటది. పక్కటెముకల లోపల ఇంకో పొర. రెండిటి నడుమ జర్రంత తడి అందరికీ ఉంటది. ఇప్పుడు జబ్బు ఆ పొరల మీదికి వచ్చింది. అందుకే నీరు ఊరుతనే ఉంటది. సూదితో తీస్తే తగ్గుతది, మళ్లీ నిండుతది."

కాక ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "కోటు, లోపల లైనింగు. నడుమ నీళ్లు. అంతేనా సారూ?"

డాక్టరు నవ్వాడు. "అంతే. కొందరికి నీరంతా తీసి, ఒక మందు పొడి వేసి రెండు పొరలను అతికిస్తం. అప్పుడు నీరు చేరడానికి జాగ ఉండదు. కానీ దానికి ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకొని పొరకు పొర తాకాలె. ఈమెకు నీరు తీసినంక గూడ లోపల విచ్చుకుంటలేదు, కట్టేసినట్టుంది."

"లైనింగు గుంజుకపోయింది," అన్నాడు కాక తనలో తాను.

అందుకని చిన్నమ్మకు పక్కటెముకల దగ్గర చర్మం కింద నుంచి ఒక మెత్తటి సన్నటి గొట్టం పెట్టారు. అది లోపలే ఉండిపోతుంది. బయట చివరన మూత ఉంటుంది. రోజు విడిచి రోజు దానికి ఒక సంచి బిగించి, ఇంట్లోనే నీరు తీసుకోవచ్చు. డాక్టరు మాతో ఏదీ దాచలేదు. "ఇది జబ్బును తీసేది కాదు. దానికి మందులు నడుస్తనే ఉంటయి. ఇది ఆయాసాన్ని తీసేది," అన్నాడు.

"ఆయాసం పోతే సాలు సారూ," అన్నాడు కాక. "మనిషికి ఊపిరి ఆడితే మిగిలినయన్ని రేపు సూసుకోవచ్చు." ఆ తర్వాత ఈ మాటను ఆయన మాకు ఎన్నోసార్లు చెప్పాడు. చుట్టాలు వచ్చి పెద్ద పెద్ద ప్రశ్నలు అడిగితే ఇదే చెప్పి, వాళ్లను ఛాయ్‌కి కూర్చోబెట్టేవాడు.

నీరు తీయడం నేర్పడానికి నర్సు సిస్టర్ "ఇంట్ల ఎవరు చేస్తరు?" అని అడిగింది. నేను ముందుకు రాబోయాను. కాక "నేను," అన్నాడు. సిస్టర్ చిన్నమ్మ రైక పైకి జరిపి, "ఇటు రండి, సరిగ చూడండి," అంది. కాక కదల్లేదు. చిన్నమ్మ వైపు చూశాడు. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. గొట్టం పక్కనే, రొమ్ము తీసేసిన చోట, ఆ పాత గాటు ఉంది. పెళ్లాం ఒంటి మీద అది ఆయన చూడడం అదే మొదలు.

చాలాసేపు చూశాడు. నాకు అక్కడ నిలబడడం ఇబ్బందై బయటికి పోదామనుకున్నాను. అంతలో ఆయన అన్నాడు: "గీ కుట్లు ఎవరేసిండ్రు సిస్టర్? వరుస జర్ర గూడ తప్పలే. మంచి పనోడు."

గోడ వైపు తిరిగిన చిన్నమ్మ భుజాలు కదిలాయి. నవ్విందనుకున్నాను. కొంచెంసేపటికి తెలిసింది, నవ్వుతూనే ఏడుస్తోందని. ఆ రోజు నుంచి ఆమె ఆయన దగ్గర దాపరికం మానేసింది.

కాక ఆ పని నేర్చుకున్న తీరు నేను మరిచిపోలేను. చేతులు మోచేతుల దాకా కడుక్కునేవాడు. గోళ్లు రోజూ చూసుకునేవాడు. నీరు తీసే రోజు వాకిలికి గొళ్లెం పెట్టి, వచ్చినవాళ్లను బయటే కూర్చోమనేవాడు. సంచిలోకి నీరు దిగుతున్నంతసేపూ చిన్నమ్మతో మాట్లాడుతూనే ఉండేవాడు. మస్కట్‌లో గదిలో కలిసి ఉన్నవాళ్ల కథలు, అరబ్బు షేకుల జేబులు ఎంత లోతుగా కుట్టాలో, ఒకసారి తప్పు కొలతకు కత్తిరించి ఎలా దిద్దుకున్నాడో. ఉత్తరాల్లో, ఫోన్లలో చెప్పలేకపోయినవన్నీ ఆ గొట్టం పక్కన కూర్చునే చెప్పాడు. "గొట్టం పెట్టిచ్చుకున్నంకనే మీ కాక నాకు దొరికిండు," అని చిన్నమ్మ నాతో అంది. వేళాకోళంగానే అంది, కానీ కళ్లు మెరిశాయి.

ఒకసారి గొట్టం చుట్టూ ఎర్రబడి ఆమెకు జ్వరం వచ్చింది. తెల్లారి చూద్దామని మేమంటే కాక వినలేదు. అప్పటికప్పుడు కరీంనగర్ తీసుకెళ్లాడు. ఇన్ఫెక్షన్ మొదట్లోనే దొరికింది కాబట్టి మందులతో పోయిందని డాక్టరు చెప్పాడు. డాక్టరు ఫరవాలేదన్నాక కాక దవాఖాన మెట్ల మీద కూర్చుని, "జర ఆగుండ్రి," అన్నాడు.

రైకల సంగతి అలాగే వచ్చింది. మామూలు రైక వేసుకుంటే గొట్టం నలిగేది, పట్టీ ఒరుసుకుని మంట పుట్టేది. కాక పాత రైక ఒకటి విప్పి, పక్క కుట్టు తీసేసి, అక్కడ మెత్తటి నూలు నాడాలు పెట్టాడు. ముడి విప్పితే పక్కంతా తెరుచుకుంటుంది. వేస్తే మామూలు రైకే. లోపలి వైపు చుట్టిన గొట్టం కూర్చోవడానికి చిన్న అర కూడా కుట్టాడు. అది తొడుక్కున్న రోజు చిన్నమ్మ తనంతట తాను దుకాణం దాకా నడిచి వెళ్లింది. మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని గుండీలు కుట్టింది. దారిన పోయేవాళ్లు పలకరిస్తే "ఇప్పుడు మంచిగున్న," అని నవ్వుతూ జవాబు చెప్పింది.

ఆదిలాబాద్ ఆమె మాకు పరిచయమైంది దవాఖానలోనే. పక్క మంచం ఆమెది, అదే జబ్బు, అదే గొట్టం. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడేది. రైక పట్టక భర్త చొక్కా తొడుక్కుని, దాని మీద దుప్పటి కప్పుకుని కూర్చునేది. "ఆడబిడ్డ కొడుకు పెండ్లి ఉంది. గీ చొక్కల ఎట్ల పోవాలె బాయీ?" అని చిన్నమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. అది విని కాక ఆమె పాత రైక ఒకటి కొలతకు అడిగి తీసుకున్నాడు. ఆ రైకలే పట్టుకుని ఆ రోజు వెళ్లాడు. పంపిస్తే పోతుంది కదా అని నేను ముందు రోజే అన్నాను. "ముడి ఎట్ల ఎయ్యాల్నో సూపియ్యకపోతే ఎట్ల బిడ్డా? గొట్టం మీద పడితె నొస్తది," అన్నాడు. చిన్నమ్మకు ఆ సాయంత్రం నీరు తీయాలి. "మాపటికల్ల వస్త. వచ్చి తీస్త," అని చెప్పి బస్సెక్కాడు.

అంతకుముందు వారం కాక మిద్దె మీద బట్టలు తేవడానికి మెట్లెక్కితే ఒళ్లంతా చెమట పట్టిందట. ఎండ అన్నాడట. మా ఇంట్లో ఊపిరి గురించి అడిగితే అది చిన్నమ్మ ఊపిరే. ఆయన గుండె గురించి ఆయనకు కూడా తోచలేదు. గుండెపోటు అని ఆదిలాబాద్ డాక్టర్లు చెప్పారు. ఇప్పటికీ ఆ మాట నా చెవికి ఎక్కడం లేదు.

మళ్లీ ఆ మధ్యాహ్నం సంగతికి వస్తాను. అంబులెన్స్ బయల్దేరిందని ఫోను వచ్చింది, రావడానికి పొద్దు గూకుతుంది. ఇంటి నిండా జనం. చిన్నమ్మ మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చుంది. పెదవులు నల్లబడుతున్నాయి. మెడ పక్కన నరాలు లాగుతున్నాయి. ఎవరో "ఏడువు తల్లీ, ఏడిస్తె దిగుతది," అంటున్నారు. ఆమె నా చెయ్యి పట్టి దగ్గరికి లాగింది.

"ఏడుస్తందుకు... ఊపిరి వస్తలేదు బిడ్డా," అంది. "అందర్ని... బయటికి పంపు. నీళ్లు తియ్యాలె."

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఉదయం నుంచే ఆమెకు నిండుతోంది. ఆ వార్త విన్నాక ఇంకా బరువెక్కింది. ఆమె రాయిలా కూర్చోలేదు, మునిగిపోతోంది.

అందరినీ బయటికి పంపి తలుపు వేశాను. కాక పక్కన నిలబడి చూశానే తప్ప నేను ఒక్కసారి కూడా చెయ్యి పెట్టలేదు. దవాఖానకు ఫోను చేసి స్పీకరు పెడితే సిస్టర్ లైన్లోకి వచ్చింది. కానీ ఆమె కంటే ముందు చిన్నమ్మే చెప్పడం మొదలుపెట్టింది, మాటకూ మాటకూ మధ్య గాలి కోసం ఆగుతూ.

"ముందుగాల చేతులు. మోచేతి దాంక... వేళ్ల సందుల గూడ... గ్లౌజులు... మూత కింద పెట్టకు... సంచి మంచం కన్న కిందికి ఉండాలె..."

అవన్నీ కాక మాటలు. ఆయన చేస్తూ పైకి చెప్పుకునేవాడు, ఆమె వింటూ ఉండేది. రైక పక్కముడి విప్పాను. ఫోనులో సిస్టర్ "తొందరొద్దు మేడం, స్పిరిట్ ఆరనియ్యండి," అంటోంది. సంచి బిగించి క్లిప్పు వదిలాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత గొట్టంలో లేత రంగు నీరు కదిలి, సంచిలోకి జారింది. చిన్నమ్మ కళ్లు మూసుకుంది. కొంచెం కొంచెంగా ఆమె భుజాలు కిందికి దిగాయి. ఒకసారి దగ్గు వచ్చింది, సిస్టర్ చెప్పినట్టు ఆపాను, మళ్లీ వదిలాను. ఆమె పెదవులకు రంగు తిరిగి వచ్చింది. నిండుగా ఒక ఊపిరి తీసుకుంది.

ఆ ఊపిరితోనే ఏడ్చింది. నేను మూత బిగించి పట్టీ వేసేదాకా కూడా ఆగలేదు. అంతసేపూ ఆమె లోపల ఆగి ఉన్నదంతా ఒక్కసారి వచ్చింది. బయట కూర్చున్న ఆడవాళ్లందరూ ఆ గొంతు విని ఘొల్లుమన్నారు. తలుపు అవతల బాపు గోడకు తల ఆనించి నిలబడ్డాడట, అవ్వ తర్వాత చెప్పింది.

ఇప్పుడు ఆ పని నాది. సిస్టర్ దగ్గరికి వెళ్లి సరిగ్గా నేర్చుకున్నాను. కాక పెట్టిన పద్ధతే మా ఇద్దరికీ నడుస్తోంది. నీరు దిగుతున్నంతసేపు చిన్నమ్మ కథలు చెబుతుంది. అన్నీ మస్కట్ కథలే. ఆమె ఎన్నడూ మస్కట్ చూడలేదు.

ఆ రోజు పొద్దు గూకాక అంబులెన్స్ వచ్చింది. ముందు సీట్లోంచి ఆదిలాబాద్ ఆమె, ఆమె భర్త దిగారు. అంత దూరం ఆ జబ్బు ఒంటితో ఆమె వస్తుందని మేం అనుకోలేదు. కాక కుట్టిన రైక తొడుక్కుని ఉంది. వచ్చి చిన్నమ్మ కాళ్ల మీద పడబోయింది. "బాయీ, దాదా నా కోసం వచ్చిండు. నా గురించే పోయిండు. నన్ను మాఫ్ చెయ్యి," అంది.

చిన్నమ్మ ఆమెను లేపి పక్కన కూర్చోబెట్టుకుంది. "నీ గురించి గాదు. కుట్టిన బట్ట మనిషికి సరిగ కూసున్నదా లేదా సూడకుంట ఉండలేడు. గాయిన గుణమే గంత," అంది. తర్వాత, అలవాటుగా, ఆమె పక్కముడి తడిమి చూసి, "బిగుతు లేదు గద?" అని అడిగింది. ఆదిలాబాద్ ఆమె తల అడ్డంగా ఊపింది.

మర్నాడు పొద్దున దహనానికి తీసుకెళ్లాం. మా వైపు పాడెను వాడ దాటాక ఒకచోట దింపుతారు. దింపుడు కళ్లం అంటారు. అయినవాళ్లు చెవి దగ్గర పేరు పెట్టి పిలుస్తారు, ఒకవేళ ఇంకా ప్రాణం ఉంటే పలుకుతాడని. పలకడని అందరికీ తెలుసు. ఆడవాళ్లు అక్కడి నుంచి వెనక్కి తిరగాలి. చిన్నమ్మను ఇంటి దగ్గరే ఉండమన్నారు, వినలేదు. ఆటో ఎక్కమన్నారు, ఎక్కలేదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మెల్లగా, పాడె వెనక అక్కడిదాకా నడిచింది.

పాడె దింపారు. బాపు వంగాడు. "తమ్మీ," అని ఒక్కసారి అన్నాడు. రెండోసారి పిలవలేక తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు చిన్నమ్మ జనాన్ని పక్కకు జరుపుకుంటూ ముందుకు వచ్చింది. "ఆడోళ్లు పిలువరమ్మా," అని ఎవరో అన్నారు. ఆమె వినలేదు. పక్క ఒత్తుకోకుండా గొట్టం దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ఆయన చెవి దగ్గరికి వంగింది.

పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆయన పేరు పలకలేదు. అప్పుడు కూడా పలకలేదు.

"ఇగో, నిన్నే," అని పిలిచింది. "ఇనవడుతుందా? నేను, నిన్నే."

అంతకుముందు నెలల్లో ఆమె మాట పక్క గదిలోకి కూడా సరిగ్గా వినిపించేది కాదు. ఆ పిలుపు మాత్రం వెనక ఎక్కడో నిలబడ్డ ఆదిలాబాద్ ఆయనకూ వినిపించింది. రోడ్డు మీద పోయే ట్రాక్టరు కూడా ఆగింది. మళ్లీ పిలిచింది. మూడోసారి పిలిచింది. పిలిచి, లేవలేదు. చెవి ఆయన నోటి దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని, అలాగే వంగి ఉంది. పాడె ఎత్తాల్సిన నలుగురూ చేతులు కట్టుకుని, ఆమె వినడం అయ్యేదాకా నిలబడ్డారు.